నడవలేని కోడిపిల్లలు: కాళ్లు చాపేసినవి, వేళ్లు ముడుచుకున్నవి, కీలు తిరిగినవి – దేనికి ఏం చేయాలి?

కృష్ణలంక_గంప (ప్రశ్న)

నమస్తే అండీ. రంగులద్ది అమ్మే కోడిపిల్లల్లో నడవలేక పక్కన పడేసినవి ఐదు మా దగ్గరికి వచ్చాయి. రెక్కల ఈకలు ఇప్పుడిప్పుడే పొడుచుకొస్తున్నాయి, కాబట్టి వారం, పది రోజుల పిల్లలై ఉంటాయి. ఒక్కోటి 45–55 గ్రాములు తూగుతోంది.

ఆకుపచ్చ పిల్లకి రెండు కాళ్లూ చెరో పక్కకి జారిపోతున్నాయి, పొట్ట మీద ఈదుతున్నట్టు కదులుతోంది. గులాబీ రంగువి రెండూ వేళ్లను పిడికిలిలా లోపలికి ముడుచుకుని, కాలు వెనక కీలు మీద చతికిలబడుతున్నాయి. లేపితే రెక్కలు నేలకానించి పాకుతాయి. పసుపుదానికి కుడికాలి కీలు లావెక్కి పాదం బయటికి తిరిగింది, ముట్టుకుంటే అరుస్తోంది. ఐదోది బాగానే నడుస్తుంది గానీ నడిమివేలు పక్కకి వంకర.

ప్రస్తుతానికి అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి, పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టాం. నూకలు, నీళ్లు ఇస్తున్నాం. మందుల షాపులో కాల్షియం సిరప్ ఇచ్చారు, ఇంకా వేయలేదు. వీటిలో ఏవి బాగవుతాయి? ఇంట్లో చేయగలిగింది ఏది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది ఏది?

ఊకపరుపు

కాళ్ల సంగతి తర్వాత, ముందు పెట్టె మార్చండి. మీరు చెప్పిన నాలుగు రకాలకీ అది అవసరమే.

న్యూస్‌పేపర్ తీసేయండి. నున్నటి కాగితం మీద పిల్లకి పట్టు దొరకదు, బాగున్న కాళ్లు కూడా పక్కకి జారతాయి. పెట్టె అడుగున రబ్బరు మ్యాట్ ముక్క (షెల్ఫుల్లో పరిచే గళ్ల మ్యాట్), దాని మీద వంటింటి టిష్యూ పేపరు రెండు మడతలు వేయండి. టిష్యూ తడిసినప్పుడల్లా తీసి పారేయొచ్చు. టర్కీ టవల్ మాత్రం వద్దు. దాని దారపు ఉచ్చుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. గోనెసంచి పీచుదీ అదే బాధ. వేలికి దారం చుట్టుకుందంటే ఒక్క రాత్రిలో వేలు వాచి నల్లబడుతుంది. రోజుకోసారి భూతద్దం పెట్టి వేళ్ల మధ్య చూడండి. మామూలు పిల్లలకి ఊక బాగుంటుంది గానీ, తల నేలకానించి తినే పిల్ల కళ్లలోకీ నోట్లోకీ ఊక పోతుంది. నిలబడటం వచ్చాకే ఊక.

ఎల్‌ఈడీకి పిల్లలకి సరిపడా వేడి రాదండీ. పాత రకం 60 వాట్ల ఫిలమెంటు బల్బు కావాలి, ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే ఇంకా దొరుకుతుంది. పెట్టెకి ఒక మూలన, నేలకి అడుగు ఎత్తులో వేలాడదీయండి. మొదటి వారం బల్బు కింద 32–35 డిగ్రీలు ఉండాలి, ఆపైన వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల వేడెక్కితే తనే పక్కకి పోతుంది. మీ పిల్లలు పోలేవు, ఉన్నచోటే ఉడికిపోతాయి. అందుకే థర్మామీటరు పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూడండి, ఊహ మీద వదలొద్దు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఎడంగా పెడితే వేడి ఎక్కువైనట్టు. ఆగకుండా గట్టిగా కీచుమంటుంటే చలి. ఎండాకాలం మధ్యాహ్నం గదే 38 డిగ్రీలుంటే బల్బు ఆర్పేయండి. కరెంటు పోయే ఊరైతే వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టడానికి సిద్ధంగా ఉంచుకోండి.

నీళ్లకి సోడా మూత లాంటి తక్కువ లోతుది చాలు, అందులోనూ గులకరాళ్లు వేయండి. కాళ్ల మీద లేవలేని పిల్ల అర సెంటీమీటరు నీళ్లలో కూడా ముక్కు మునిగి చచ్చిపోతుంది. రెండు గంటలకోసారి ముక్కు కొన నీళ్లలో ముంచి తీయండి, అదే తాగుతుంది. సిరంజితో నోట్లోకి కొట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకొకటి, చీమలు. కదల్లేని పిల్లని చీమలు పట్టాయంటే కళ్లూ వెనక భాగమూ ముందు తినేస్తాయి. పెట్టెని స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచండి. చీమల చాక్‌పీసు గీయొద్దు, అది పురుగుమందు. దోమల చుట్ట పొగ ఉన్న గదిలో కూడా పెట్టొద్దు.

ఇప్పుడు ఆకుపచ్చ పిల్ల. కాళ్లు చాపేయడం పుట్టిన మూడు నాలుగు రోజుల్లో చూస్తే దాదాపు సరవుతుంది. వారం దాటితే కష్టమే, అయినా ప్రయత్నించాలి. కట్టు ఇలా:

మామూలు బ్యాండ్-ఎయిడ్ ఒకటి తీసుకుని నిలువుగా రెండుగా కత్తిరించండి. ఒక ముక్క చాలు. మధ్యలో ఉండే దూది భాగం రెండు కాళ్ల మధ్య వంతెనలా రావాలి. ఒక్కో చివర ఒక్కో కాలి చుట్టూ తిప్పి, జిగురు దాని మీదే అతుక్కునేలా అంటించాలి. కట్టాల్సిన చోటు వెనక కీలుకి కిందా, పాదానికి పైనా ఉన్న పొలుసుల కాలు. కీలు మీదకి రాకూడదు. రెండు కాళ్ల మధ్య ఎడం 2–2.5 సెంటీమీటర్లు, అంటే పిల్ల మామూలుగా నిలబడితే కాళ్లు ఎంత దూరంలో ఉంటాయో అంతే. మరీ దగ్గరికి లాగి కడితే ముందుకి బోర్లా పడుతుంది, తొడ కీలు మీద భారం పడుతుంది. ఒకరు పిల్లని గుడ్డలో చుట్టి పట్టుకోవాలి, ఇంకొకరు కట్టాలి. ఒక్కరి చేత అయ్యే పని కాదు.

కట్టిన మొదటి గంట పక్కనే ఉండండి. వెల్లకిలా పడితే లేవలేదు. రెండు వైపులా చుట్టిన గుడ్డలు ఆనిస్తే నిలబడటం నేర్చుకుంటుంది. రెండు గంటలకి పాదం చూడండి: వాచినా, చల్లబడినా, రంగు ముదిరినా వెంటనే విప్పాలి. రోజూ విప్పి, పది నిమిషాలు నడవనిచ్చి, కొత్తది కట్టాలి. కాళ్లు సరిగ్గా పడటం మొదలైతే మూడు నుంచి ఐదు రోజుల్లో తీసేయొచ్చు. విప్పేటప్పుడు జిగురు మీద ఒక చుక్క వంటనూనె వేసి నాననిచ్చి తీయండి, లాగితే చర్మం ఊడొస్తుంది.

దాణా_డబ్బా

ఊకపరుపు గారు చెప్పిన పెట్టె సంగతి అక్షరాలా పాటించండి. నేను గులాబీ పిల్లల గురించి రాస్తాను, ఎందుకంటే వాటికి టైం తక్కువ.

వేళ్లు పిడికిలిలా లోపలికి ముడుచుకోవడం, వెనక కీళ్ల మీద కూర్చోవడం, ఆకలి మాత్రం బాగానే ఉండటం... ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది విటమిన్ బి2, అంటే రైబోఫ్లేవిన్ లోటు. అది చాలకపోతే కాలికి పోయే పెద్ద నరం వాచిపోతుంది. కట్టు కడితే తగ్గదు, విటమిన్ అందితేనే తగ్గుతుంది. తొలి రోజుల్లో అందితే రెండు మూడు రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. ఆలస్యమైతే నరం పాడైపోయి వేళ్లు అలాగే ఉండిపోతాయి.

ఇవ్వాల్సిన మోతాదు పిల్లకి రోజుకి 0.1 మిల్లీగ్రాము, కనీసం వరసగా రెండు రోజులు, పిల్ల దాణా బాగా తినేదాకా. తర్వాత దాణాలోంచి అందాలి. మనుషుల బి-కాంప్లెక్స్ మాత్ర వెనక చదవండి, రైబోఫ్లేవిన్ 10 మి.గ్రా. ఉన్నది తీసుకోండి. మాత్రని మెత్తగా నూరి 100 మి.లీ. నీళ్లలో కలిపితే ఒక మి.లీ.లో 0.1 మి.గ్రా. ఉంటుంది. బి2 నీళ్లలో సరిగ్గా కరగదు, అడుక్కి దిగుతుంది. తీసే ముందు ప్రతిసారీ సీసా ఊపాలి. వెలుతురుకి చెడిపోతుంది కాబట్టి సీసాకి అల్యూమినియం కాగితం చుట్టి ఉంచి, ఏ రోజుది ఆ రోజు కలుపుకోండి. డ్రాపరుతో ముక్కు పక్కన ఒక్కో చుక్క పెడితే పిల్ల నాలుకతో లాక్కుంటుంది. ఒక మి.లీ. పూర్తవడానికి ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. పిల్ల రెట్ట, మీ వేళ్లు పచ్చబడితే కంగారు పడొద్దు, అది విటమిన్ రంగే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కోళ్లకని షాపులో ఇచ్చే కొన్ని విటమిన్ డ్రాప్స్‌లో ఏ, డి3, ఈ, బి12 మాత్రమే ఉంటాయి. నరాల బలానికని మనుషులకిచ్చే ఇంజక్షన్లలో సాధారణంగా బి1, బి6, బి12 ఉంటాయి. రెండింట్లోనూ బి2 లేకపోతే ఈ జబ్బుకి పనికిరావు. సీసా మీద "రైబోఫ్లేవిన్" లేదా "బి2" అన్న మాట కళ్లారా చూసి కొనండి.

అసలు జబ్బుకి మూలం నూకలు. పాలిష్ పట్టిన బియ్యం నూకల్లో బి2 బహు తక్కువ, మాంసకృత్తులూ తక్కువే. పల్లెలో తల్లికోడి వెంట తిరిగే పిల్ల నూకలతోపాటు పురుగులూ చెదలూ ఆకులూ ఏరుకుంటుంది కాబట్టి దానికి చెల్లుతుంది. పెట్టెలో పిల్లకి చెల్లదు. ఈరోజే కోళ్ల దాణా కొట్టులో చిక్ స్టార్టర్ (చిన్న పిల్లలకిచ్చే దాణా) కొనండి. కిలో, రెండు కిలోలు విడిగా కొలిచి ఇస్తారు. అది దొరికేలోపు ఉడికించిన గుడ్డు పచ్చసొన మెత్తగా చిదిమి పెట్టండి. లేయర్ మాష్ మాత్రం కొనొద్దు. గుడ్లు పెట్టే కోళ్ల కోసం అందులో కాల్షియం 3.5–4 శాతం దాకా ఉంటుంది, పిల్లలకి కావాల్సింది సుమారు 1 శాతం. మిగతాదంతా మూత్రపిండాల మీద పడుతుంది. మీ కాల్షియం సిరప్ కూడా ఇందుకే పక్కన పెట్టేయండి. ముక్కు రబ్బరులా వంగుతూ ఉంటే అప్పుడు ఎముకల మెత్తదనం గురించి ఆలోచించాలి. దానికైనా డి3, భాస్వరం కలిసి ఉండాలి, ఒట్టి కాల్షియంతో కుదరదు.

ఐదో పిల్ల వంకర వేలు వేరే సంగతి. వేలు పక్కకి తిరిగింది, పిడికిలి బిగించలేదు, నడుస్తోంది. దానికి బి2తో పని లేదు. చెప్పు కట్టండి. పాదం కన్నా కాస్త పెద్దగా అట్టముక్క కత్తిరించి, వేళ్లు సహజంగా విచ్చుకున్నట్టు దాని మీద పరిచి, పై నుంచి మైక్రోపోర్ టేపు సన్నటి ముక్కలతో ఒక్కో వేలినీ అంటించండి. రోజుకోసారి మార్చాలి, మూడు నాలుగు రోజులు చాలు. పది రోజులు దాటిన పిల్లలో ఎముక గట్టిపడుతుంది, అప్పటికీ వంకర ఉంటే వదిలేయండి. వంకర వేలితో కోడి నిండా బతుకుతుంది.

రాజేంద్రనగర్_పెట్ట

పసుపు పిల్ల గురించి ఎవరూ రాయలేదు. ఐదింట్లో నొప్పి పడుతున్నది అదే, దాన్ని ఇవాళే డాక్టరుకి చూపించాలి.

మీరు చెప్పినది స్నాయువు (కండని ఎముకకి కలిపే తాడు) జారడంలా ఉంది. పిక్క నుంచి వచ్చే లావుపాటి స్నాయువు వెనక కీలు మీద ఒక గాడిలో పోతుంది. ఆ గాడి లోంచి పక్కకి జారితే కాలు చాపలేదు, పాదం మెలిపడుతుంది, కీలు వాస్తుంది. ఇలా చూడండి: బాగున్న కాలి వెనక కీలుని బొటనవేలితో తడిమితే మధ్యలో గుండ్రటి తాడు తగులుతుంది. జబ్బు కాలికి ఆ చోట చదునుగా ఉండి, తాడు పక్కన తగులుతుంది. అదే తేడా.

జారిన కొద్ది గంటల్లో అయితే డాక్టరు కాలుని వెనక్కి మెల్లగా చాపి, స్నాయువు వదులయ్యాక బొటనవేలితో గాడిలోకి తోసి, మళ్లీ జారకుండా కీలు చుట్టూ వదులుగా ఎనిమిది అంకె కట్టు వేస్తారు. రెండు మూడు రోజులు ఉంచాలి. చాలాసార్లు మళ్లీ జారుతుంది. గాడి సరిగ్గా ఏర్పడని పిల్లలో ఎన్నిసార్లు తోసినా నిలవదు. రోజులు గడిచి ఎముక మెలితిరిగిపోతే వెనక్కి రాదు. వీడియో చూసి ఇంట్లో లాగొద్దు, ఈ వయసు ఎముక అగ్గిపుల్ల కన్నా తేలిగ్గా విరుగుతుంది.

దీనికి ముఖ్య కారణం దాణాలో మాంగనీసు, కోలిన్ చాలకపోవడం. మొక్కజొన్నలో మాంగనీసు చాలా తక్కువ, తవుడులో ఎక్కువ. ఒట్టి జొన్నరవ్వ, మొక్కజొన్న రవ్వ మీద పెంచే పిల్లల్లో ఇది రావడం అందుకే. కాల్షియం ఎక్కువైనా మాంగనీసు ఒంటికి పట్టదు, కాబట్టి సిరప్ వద్దన్న మాట నాదీ. మిగతా నాలుగింటికి మంచి స్టార్టర్ దాణా పెడితే ఇది రాకుండా ఉంటుంది. వచ్చాక మాత్రం మాంగనీసు పెట్టినా జారిన స్నాయువు గాడిలోకి రాదు.

నొప్పికి మీ ఇంట్లో ఉన్న మాత్రలు వేయొద్దు. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను చంపేస్తుంది. రాబందులు అంతరించిపోతున్నాయనే మన దేశంలో 2006లో పశువులకు దాని వాడకం నిషేధించారు. జెల్, స్ప్రే, బామ్ కూడా వద్దు. పక్షికి పడే నొప్పిమందు డాక్టరు బరువు చూసి రాస్తారు.

మీరు విజయవాడ వైపు కాబట్టి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గర. హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో ఇంకొకటి. వెళ్లేటప్పుడు చిన్న పెట్టెలో గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాతో వెచ్చగా తీసుకెళ్లండి, దాణా పేరూ బరువూ రాసుకుపోండి.

ఒక మాట కఠినంగా ఉన్నా చెప్పాలి. రెండు కాళ్లకీ స్నాయువు జారి, కట్టు నిలవక, తిండి మానేసి అరుస్తున్న పిల్లని నెలల తరబడి అలా ఉంచడం దయ కాదు. నొప్పి లేకుండా నిద్రపుచ్చడం గురించి డాక్టరుని అడగండి. ఒక్క కాలే అయితే ఆ నిర్ణయం అక్కర్లేదు. ఒంటికాలి మీద సర్దుకునే పిల్లలు చాలానే ఉంటాయి.

కృష్ణలంక_గంప

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. ఫిలమెంటు బల్బు, మ్యాట్, స్టార్టర్ వచ్చేశాయి. గులాబీవి రెండూ రెండో మోతాదు తర్వాత వేళ్లు సగం విప్పుతున్నాయి. పసుపుదానికి డాక్టరు కట్టు వేశారు, మళ్లీ రమ్మన్నారు.

ఆకుపచ్చ పిల్ల కట్టుతో నిలబడుతోంది. కానీ దాని తొడ లోపలి వైపు చర్మం ముదురు ఆకుపచ్చగా ఉంది. రంగు అనుకున్నా, కడిగితే పోవడం లేదు. కుళ్లిపోతోందా? ఇంకోటి, కాలు ఎప్పటికీ సరిగ్గా రాని పిల్లని పెద్దయ్యాక ఎలా ఉంచాలి?

ఊకపరుపు

కమిలిన గాయం అయ్యుంటుంది. పక్షులకి దెబ్బ తగిలిన చోట రెండు మూడు రోజులకి ఆకుపచ్చ రంగు వస్తుంది, మనకి నీలంగా మారినట్టు. అద్దిన రంగైతే ఈకల మొదళ్లలో, ఒళ్లంతా మరకలు మరకలుగా ఉంటుంది. గాయం ఒక్కచోటే ఉండి, అంచులు పసుపుగా మారుతూ వారంలో పోతుంది. కుళ్లితే నల్లగా, చల్లగా, వాసనతో ఉంటుంది. అలా ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి. రంగు కడగాలని మాత్రం స్నానం చేయించొద్దు, తడిసిన పిల్ల చలికే పోతుంది. ఈకలు మారేటప్పుడు రంగు దానంతటదే పోతుంది.

గోదారి_గూడు

రెండో ప్రశ్నకి నేను రాస్తాను.

ముందు జాతి తెలుసుకోండి. రంగు పిల్లలు ఎక్కువగా లేయర్ హేచరీల్లో పనికిరావని తీసేసిన పుంజు పిల్లలు. ఇవి తేలిగ్గా పెరుగుతాయి, అవిటి కాలితో కూడా నెట్టుకొస్తాయి. బ్రాయిలర్ అయితే ఆరు వారాల్లోపే రెండు కిలోలు దాటి ఆ బరువు కాళ్ల మీద పడుతుంది. వారం వయసుకే 150 గ్రాములు దాటితే బ్రాయిలరే. నిలకడగా నిలబడ్డాక దానికి దాణా రోజంతా ముందు ఉంచకుండా పూటలకి కొలిచి పెట్టాలి. మీవి 50 గ్రాముల దగ్గరున్నాయి కాబట్టి లేయర్ పుంజులే అనుకోవచ్చు, కానీ ఆ వయసుకి ఆ బరువు తక్కువే. రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసు మీద తూచి రాయండి. వరసగా రెండు రోజులు పెరగలేదంటే తిండి దాకా చేరలేకపోతోందని అర్థం.

కాళ్లకి కసరత్తు కావాలి. లీటరు ఐస్‌క్రీం డబ్బా మీద మెత్తటి నూలు గుడ్డ బిగించి క్లిప్పులు పెట్టండి. కాళ్లకి రెండు కన్నాలు, వెనక రెట్టకి ఒక కన్నం. పిల్లని అందులో దింపితే పాదాలు డబ్బా అడుగుని ఆనాలి, బరువు గుడ్డ మీద ఉండాలి. పాదం అందకపోతే అడుగున గుడ్డ మడిచి వేయండి, వేలాడితే ఉపయోగం లేదు. ముందు దాణా, నీళ్లు. పదిహేను ఇరవై నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు. ఎక్కువసేపు ఉంచితే ఛాతీ ఎముక దగ్గర ఒరుసుకుంటుంది.

పెద్దయ్యాక చంపేది కాలు కాదు, కూర్చున్నచోట పడే పుండ్లు. ఛాతీ ఎముక మీద, వెనక కీళ్ల మీద చర్మం ఎర్రబడుతోందేమో రోజూ ఈకలు తప్పించి చూడండి. కింద రెండంగుళాల ఫోము, పైన నూలు గుడ్డ, పూటకోసారి మార్పు. పుండు పడితే బెటాడిన్‌ని పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి కడిగి, ఆరబెట్టి, ఆ చోటికి ఒత్తిడి పడకుండా గుడ్డని రింగులా చుట్టి ఆనించాలి. పసుపు ముద్ద మెత్తితే పైన పెచ్చు కట్టి లోపల చీము నిలుస్తుంది. అరికాలి మీద నల్లటి గట్టి పెచ్చు, చుట్టూ వాపు కనిపిస్తే లోపల చీము ఉన్నట్టు. బ్లేడుతో కోయకండి, డాక్టరు పని అది.

వెనక ఈకలకి రెట్ట అంటుకుని గట్టిపడితే దారి మూసుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి నానబెట్టి తీయండి. ఈగలు వాలాయంటే ఒక్క రోజులో పురుగులు పడతాయి, వానాకాలం ఇది మరీ చూసుకోవాలి. తడి పరుపు మీద కూర్చునే పిల్లకి రక్త విరేచనాలు కూడా త్వరగా వస్తాయి. రెట్టలో ఎరుపు కనబడితే అదే రోజు మందు పడాలి.

మిగతా కోళ్లలో వదలొద్దు, పొడిచి చంపుతాయి. అలాగని ఒంటరిగానూ ఉంచొద్దు, ఒంటరి పిల్ల తినడం మానేస్తుంది. మీ వంకర వేలి పిల్లని తోడు పెట్టండి, అది తింటుంటే చూసి ఇదీ తింటుంది. ఇంట్లో వేరే కోళ్లుంటే మూడు వారాలు ఈ ఐదింటినీ విడిగా ఉంచి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క వేయించాలో లేదో డాక్టరుని అడగండి. నీరసంగా ఉన్న పిల్లకి వెంటనే వేయరు.

రెండు లక్షణాలు గుర్తు పెట్టుకోండి, అవి కాలి జబ్బులు కావు. చేతిలోకి తీసుకుంటే ఫోను వైబ్రేట్ అయినట్టు తలా మెడా సన్నగా వణుకుతుంటే అది మెదడుకి సోకే వైరస్ కావచ్చు. నెల దాటాక, అప్పటిదాకా బాగా నడిచిన కోడి ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ (నరాలకి సోకే ఇంకో వైరస్ జబ్బు) అనుమానించాలి. దానికి మందు లేదు, టీకా పుట్టిన రోజే హేచరీలో వేయాలి, ఈ రంగు పిల్లలకి వేసి ఉంటారన్న నమ్మకం లేదు. ఈ రెండింట్లో ఏది కనబడినా ఆ పిల్లని వేరే గదికి మార్చి డాక్టరుకి ఫోన్ చేయండి. కట్లూ విటమిన్లూ వేస్తూ రోజులు గడపొద్దు, పక్కవాటికి అంటుకుంటుంది.

దాణా_డబ్బా

గులాబీ పిల్లలకి వేళ్లు పూర్తిగా విప్పుకున్నా బి2 వెంటనే ఆపేయకండి, స్టార్టర్ దాణా బాగా తింటున్నాయని త్రాసు చెప్పేదాకా నీళ్లలో కొనసాగించండి. కొన్న దాణా డబ్బాలో గాలి తగలకుండా, ఎండ పడకుండా దాచుకోండి. బూజు వాసన వస్తే సందేహించకుండా పారేయండి.